చెరువులు నిండుగా ఉన్నా ఆపద రోజున వరంగల్‌లో నల్లా వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది: హనుమకొండలో ఇల్లు కట్టుకుంటున్నారు. 2023 వరదల వంటివి మళ్లీ వచ్చినా, పెద్ద అగ్నిప్రమాదం జరిగినా, కొన్ని రోజులు కరెంటు లేకపోయినా నగరంలోని నీటి నిల్వలు సరిపోతాయా, ఇంట్లో ఎంత సంపు కట్టుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. చెరువుల్లో ఉన్న నీళ్లు నెలలకు సరిపోతాయి. శుద్ధి చేసి ట్యాంకుల్లోకి ఎక్కించిన నీళ్లు మాత్రం గంటల లెక్క. వరంగల్‌కు వచ్చే ఆపదలు దాదాపు అన్నీ చెరువుకూ నల్లాకూ మధ్యనే దెబ్బ కొడతాయి. అందుకే "మన నిల్వ ఇన్ని టీఎంసీలు" అనే జవాబు విన్నప్పుడల్లా నాకు గుబులుగా ఉంటుంది. అది కరవుకు చెప్పాల్సిన జవాబు. వరదకు, కరెంటు పోయిన రాత్రికి, మంటలు లేచిన గోదాముకు పనికివచ్చే జవాబు వేరు.

సివిల్ డిప్లొమా చదివి చాలా ఏళ్లు కాంట్రాక్టర్ల దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఓవర్‌హెడ్ ట్యాంకులు కట్టించడమే నా పని. ఉండేది హంటర్ రోడ్డు దిగువన పల్లంలో ఉన్న ఒక కాలనీలో. కాబట్టి ట్యాంకు లోపలి సంగతులూ తెలుసు, దాని కింద ఖాళీ బిందెతో నిలబడే వాళ్ల సంగతులూ తెలుసు.

ముందు చెరువుల సంగతి. నగరం తాగేది గోదావరి నీళ్లు. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ మీదుగా కరీంనగర్‌లోని లోయర్ మానేరు డ్యామ్‌కు, అక్కడి నుంచి అదే కాలువలో మన వైపుకు వస్తాయి. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులను వేసవికి ముందు ఇలా నింపుకోవడం మనకు అలవాటు. ధర్మసాగర్‌కు దేవాదుల ఎత్తిపోతల నీళ్లు కూడా అందుతాయి. లోయర్ మానేరు పూర్తి సామర్థ్యం 24 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. నగర జనాభా 9 లక్షలు అనుకుని, పట్టణాలకు నిర్దేశించిన మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్క వేస్తే రోజుకు 12 కోట్ల లీటర్లు దాటుతుంది. కాగితం మీద ఒక్క టీఎంసీ ఏడు నెలలకు పైగా సరిపోవాలి. ఆవిరి, లీకేజీలు తీసేసినా తక్కువేమీ కాదు.

అయితే ఆ 24 టీఎంసీల మీద మొదటి ఆశ సాగుది. 2015లో వానలు ముఖం చాటేశాక 2016 వేసవిలో శ్రీరాంసాగర్ అడుగంటింది. ఆ ఎండాకాలం ఉత్తర తెలంగాణలో ఉన్నవాళ్లకు నేను గుర్తు చేయనక్కర్లేదు. 2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేశారు. చెరువు బతకాలంటే పూడిక తీయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఒక చెరువు పనిలో ఉన్నన్నాళ్లూ మిగతావాటి మీద భారం పెరుగుతుంది. ఆ సమయంలోనే కాలువకు గండి పడితే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుని ఉండాలి. చెరువుల గురించి నా ఆందోళన ఇంతవరకే. దీర్ఘకాలపు కరవు వస్తే దాని ఛాయలు నెలల ముందే కనిపిస్తాయి, సిద్ధపడే వ్యవధి దొరుకుతుంది.

ఇక ట్యాంకుల సంగతి. చెరువు నీరు దేశాయిపేట, వడ్డేపల్లి, కేయూసీ (కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్), ధర్మసాగర్ వంటి ఫిల్టర్ బెడ్లకు చేరి, శుద్ధి అయ్యి, పంపుల మీద ఓవర్‌హెడ్ ట్యాంకుల్లోకి ఎక్కి, వాల్వు తిప్పినప్పుడు మన వీధికి దిగుతుంది. ట్యాంకులు ఎంత పెద్దవి ఉండాలి అన్నప్పుడు ఇంజనీర్లు సాధారణంగా రోజు అవసరంలో మూడో వంతు అనే లెక్క పట్టుకుంటారు. పంపింగ్ గంటలు తక్కువైన చోట ఇంకా ఎక్కువ కావాలి. మన లెక్క ప్రకారం మూడో వంతు అంటే 4 కోట్ల లీటర్లు. ఎప్పటిలాగే వాడుకుంటే ఎనిమిది గంటలకు ఖాళీ. విపత్తు సమయంలో మనిషికి కనీసం 15 లీటర్లు ఇవ్వాలని సహాయక సంస్థలు పాటించే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. ఆ కొలత ప్రకారం పొదుపుగా పంచితే అవే 4 కోట్ల లీటర్లు మూడు రోజులు వస్తాయి.

మూడు రోజులు అంటే ధైర్యంగానే అనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో ట్యాంకులన్నీ నిండుగా ఉన్నాయనీ, వాటిలోని నీళ్లను పొదుపుగా పంచగలమనీ అనుకున్నాం. ఆ రెండూ నిజం కావు. ట్యాంకు ఉన్నది నింపి వదలడానికే. తెల్లవారుజామున నిండి, వంతులవారీగా వాల్వులు తిప్పేసరికి మధ్యాహ్నానికి అడుగుకు వస్తుంది. ఆపద మధ్యాహ్నం మూడింటికి వస్తే మన నిల్వ కాగితం మీద ఉన్న దానిలో ఏ కొంతో. వాల్వు తిప్పితే నీళ్లు ముందు ఎవరి సంపు పెద్దదో వాళ్ల ఇంట్లోకే పోతాయి. మనిషికి 15 లీటర్లు అని పైపుకు తెలియదు.

2023 జులై చివరి వారం గురించి చెబుతాను. మన కళ్ల ముందు జరిగిన పరీక్ష అదే. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఇక్కడ నాలాలు పొంగాయి, కాలనీలు మునిగాయి, పోతన నగర్ వైపు భద్రకాళి చెరువు కట్ట తెగింది. మా వీధిలో నడుము లోతు నీళ్లు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు.

మా పక్క బస్తీలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఆ రోజు నిండే ఉంది. పైనుంచి ఓవర్‌ఫ్లో పైపు కారడం మా మేడ మీది నుంచి కనిపించేది. మా ఇంటి ఎదురుగా ఉండే పెద్దావిడ అదే చూపించి, "ట్యాంకు నిండా నీళ్లున్నాయి కదా బిడ్డా, వదలరేమి?" అని అడిగింది. ఎంతో న్యాయమైన ప్రశ్న. వాల్వు తిప్పే మనిషి వదలకపోవడమే మంచిదైంది. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలైన జవాబు ఇక్కడే ఉంది.

మనకు నల్లా రోజంతా రాదు. వచ్చే కొద్దిసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది, మిగతా సమయంలో పైపు ఖాళీ. ఇంటి కనెక్షన్ల పైపులు చాలా వీధుల్లో మురికి కాలువను దాటుకుని వస్తాయి. ఎక్కడో తుప్పు పట్టి సూది మొనంత రంధ్రం ఉంటుంది. మామూలు రోజుల్లో నీళ్లు వస్తున్నంతసేపూ ఆ రంధ్రం నుంచి బయటికి కారతాయి. సరఫరా ఆగాక పైపు బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. దానికి తోడు చాలామంది నల్లాకు నేరుగా మోటారు బిగిస్తారు. అది ఆ పీలుడును ఇంకా పెంచుతుంది. వీధి మొత్తం మురుగులో మునిగి ఉన్నప్పుడు ఆ లైనులో నీళ్లు వదిలితే ఇంటింటికీ వాంతులు, విరేచనాలు పంచినట్టే. అంటే ఆ రోజు మాకు నిల్వ ఉంది, దాన్ని మనిషి దగ్గరకు చేర్చే శుభ్రమైన దారి లేదు.

సంపులు ఉన్నవాళ్ల పరిస్థితి ఏమిటి? మా వీధిలో సంపులు చాలావరకు నేలమట్టానికే కట్టినవి. మూతల సందుల నుంచి వరద నీరు లోపలికి పోయింది. వేల లీటర్ల మంచినీళ్లు ఒక్క పూటలో కాళ్లు కడుక్కోవడానికి కూడా పనికిరాకుండా పోయాయి. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకుల్లో మిగిలిన నీళ్లే ఆదుకున్నాయి. అవి ఉన్నవాళ్లు కింది ఇళ్లవాళ్లకు బకెట్లు దించి ఇచ్చారు. ట్యాంకరు మెయిన్ రోడ్డు దాకా వచ్చింది, వీధిలోకి రాలేకపోయింది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు అక్కడిదాకా ఎలా వెళ్తారు? కుర్రాళ్లు భుజాల మీద డబ్బాలు మోశారు. వాళ్లకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

పాత బస్తీ సందులో తీసేయకుండా మిగిలిన ఒక బోరింగు కూడా ఎంతో ఉపయోగపడింది. అవి తాగే నీళ్లు కావు, అయినా బట్టలకు, పాత్రలకు, మరుగుదొడ్లకు సరిపోయాయి. చేత్తో కొట్టేదే కాబట్టి కరెంటుతో పనిలేదు. ఒకప్పుడు వీధి వీధినా బోరింగులు ఉండేవి. చాలా చోట్ల వాటిని పీకి అదే గుంతలో మోటారు దించారు. మన నేల కింద గ్రానైటు రాయి, బోరు నీళ్లకు ఎప్పుడూ పరిమితే. అయినా కరెంటు లేని రాత్రి మోటారు బోరు కన్నా చేతి బోరింగే మేలు. నగరపాలక సంస్థ పరిధిలో 66 డివిజన్లు ఉన్నాయి. ఒక్కో డివిజన్‌లో ఎత్తైన చోట కొన్ని బోరింగులను బాగుచేసి కాపాడుకుంటే అయ్యే ఖర్చు ఒక కొత్త ట్యాంకు ఖర్చుతో పోల్చదగినది కాదు.

కరెంటు విషయం విడిగా చెప్పాలి. గురుత్వాకర్షణ మీద దిగేది ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కిందికి మాత్రమే. ఫిల్టర్ బెడ్ దగ్గర, ట్యాంకుకు ఎక్కించే చోట, అన్నిటికీ పంపులే. అపార్ట్‌మెంట్లలో అయితే సంపు నుంచి మేడ మీదికి ఇంకో పంపు. కాబట్టి నగరంలో నిల్వ ఎంత అని అడిగేటప్పుడు పంపింగ్ స్టేషన్‌లో జనరేటర్ ఉందా, దానికి డీజిల్ ఎన్ని గంటలకు ఉంది, చివరిసారి ఎప్పుడు తిప్పి చూశారు అని కూడా అడగాలి. నేను పనిచేసిన ఒక చోట జనరేటర్ కొత్తగా మెరిసిపోతూ ఉండేది. అవసరం పడ్డ రోజు బ్యాటరీ చచ్చిపోయి ఉంది. నెలకోసారి తిప్పి చూడని జనరేటర్ లేనట్టే లెక్క.

అగ్నిప్రమాదం గురించి అడిగారు కాబట్టి అదీ చెబుతాను. తాగునీటి పథకాలకు దేశంలో పాటించే మాన్యువల్‌లో దీనికి ఒక సూత్రం ఉంది. జనాభాను వేలల్లో రాసి, దాని వర్గమూలాన్ని వందతో గుణిస్తే రోజుకు ఎన్ని కిలోలీటర్లు మంటలార్పడానికి ఉంచాలో వస్తుంది. 9 లక్షలంటే 900, వర్గమూలం 30, అంటే 3,000 కిలోలీటర్లు, మన భాషలో 30 లక్షల లీటర్లు. అందులో మూడో వంతు, 10 లక్షల లీటర్లు, సరఫరా ట్యాంకుల్లోనే ఉండాలి. మిగతాది నగరంలో అక్కడక్కడా స్థిరమైన తొట్లలో ఉంచుకోవాలి.

ఏనుమాముల మార్కెట్ ఉన్న ఊరు మనది. సీజనులో పత్తి, మిర్చి గుట్టలుగా పోసి ఉంటాయి, చుట్టూ జిన్నింగ్ మిల్లులు, గోదాములు. పత్తి బేలుకు నిప్పంటుకుంటే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. దాన్ని విప్పి విప్పి తడపాలి, గంటలకొద్దీ నీళ్లు పోయాలి. ఒక ఫైరింజన్‌లో పట్టేవి కొన్ని వేల లీటర్లు, నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత అది ఎక్కడికి వెళ్లి నింపుకుంటుంది అన్నదే అసలు ప్రశ్న. మార్కెట్‌కు దగ్గరలో ఎప్పుడూ నిండుగా ఉండే తొట్టి, దాని పక్కకు ఫైరింజన్ చేరే రోడ్డు, పైపు బిగించే చోటు ఉంటేనే ఆ నీళ్లకు విలువ.

ఇక్కడ ట్యాంకులు కట్టించినవాడిగా ఒక సూచన. నిల్వ ఎప్పటికీ మిగిలేలా చేసే పద్ధతి ఒకటుంది. ట్యాంకుకు రెండు ఔట్‌లెట్లు పెడతారు. రోజువారీ సరఫరా పైపు అడుగు నుంచి కొంత ఎత్తులో ఉంటుంది. దాని కింద మిగిలే నీళ్లు మామూలు వాల్వుకు అందవు. అడుగున ఇంకో పైపు, దాని వాల్వుకు తాళం. ఆపద వస్తేనే అది తీస్తారు. నీళ్లు పాడవకుండా అప్పుడప్పుడూ తీసి మార్చాలి, అంతే. కొత్త ట్యాంకు డిజైనులోనే ఇది అడిగితే అదనపు ఖర్చు చాలా స్వల్పం. కట్టిన తర్వాత పెట్టాలంటే గోడకు రంధ్రం చేయాలి, లీకేజీ భయం. కాబట్టి మీ వైపు కొత్త ట్యాంకు మంజూరైందని వింటే పునాది తీయకముందే కార్పొరేటర్‌ను, ఇంజనీరును కలిసి ఈ మాట అడగండి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. వరంగల్‌లో శుద్ధి చేసిన నీటి నిల్వలో చాలా భాగం ఉన్నది ఇళ్ల కింద, సంపుల్లో. సంపు లేనివాళ్లు ఎవరు? ఒక్క గది అద్దెకు తీసుకున్న కూలీలు, నాలా పక్క గుడిసెల వాళ్లు. వాళ్ల నిల్వ నాలుగు బిందెలు, ఒక డ్రమ్ము. వరద ముందుగా వచ్చేది వాళ్ల ఇంట్లోకి, నీళ్లు ముందుగా అయిపోయేదీ వాళ్లకే. నగర సగటు చూసి "సరిపోతాయి" అనేవాళ్లు ఆ బిందెల దగ్గర నిలబడి ఆ మాట చెప్పాలి.

దీనికి పరిష్కారం మనకు తెలియనిది కాదు. మేడారం జాతరకు రెండేళ్లకోసారి లక్షల మంది కదిలి వస్తారు. జంపన్న వాగు ఒడ్డున వరుసగా నల్లాలు అమర్చి, అంత జనానికీ నీళ్లు అందిస్తారు. ఆ పని చేసే ఇంజనీర్లు, ఫిట్టర్లు, కూలీలు మన జిల్లాల వాళ్లే. అదే నల్లాల వరుసలను నగరంలో ముంపు రాని ఎత్తైన బడుల్లో, ఫంక్షన్ హాళ్ల దగ్గర ముందే అమర్చి పెట్టుకోవచ్చు. పక్కన ఒక ట్యాంకు, దాన్ని నింపడానికి ట్యాంకరు వచ్చే దారి ఉంటే చాలు. ఇందాక చెప్పిన 15 లీటర్ల అంతర్జాతీయ ప్రమాణంలోనే ఒక నల్లాకు 250 మందికి మించకూడదు, ఇంటి నుంచి అర కిలోమీటరు దాటకూడదు అని ఉంది. ఒక డివిజన్‌లో పల్లపు వీధుల జనాభా తెలిస్తే ఎన్ని నల్లాలు కావాలో అరగంటలో లెక్క తేలుతుంది.

ఇక మీ ఇంటి సంగతి. ఐదుగురికి 5,000 లీటర్ల సంపు చాలు. మామూలు వాడకంలో వారం వస్తుంది, మనిషికి 50 లీటర్లతో పొదుపు చేస్తే ఇరవై రోజులు లాగవచ్చు. అంతకన్నా పెద్దది కట్టాలని మేస్త్రీ చెప్పినా ఆ డబ్బు సంపు మూతి మీద పెట్టండి. మీ వీధిలో 2023లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇరుగుపొరుగును అడిగి, ఆ గుర్తు కన్నా ఒక అడుగు ఎత్తుకు మూతి కట్టించండి. మూత బిగుతుగా ఉండాలి, రబ్బరు బీడింగ్ వేయించండి. సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత దూరంగా, దానికన్నా ఎత్తైన చోట సంపు తవ్వించండి. స్థలం చాలదని రెండూ పక్కపక్కనే కట్టిన ఇళ్లు ఎన్నో చూశాను. సంపు గోడలో పగులు వస్తే ఏం కలుస్తుందో ఆలోచించండి.

మేడ మీద 1,000 లీటర్ల ట్యాంకు తప్పనిసరి, వరద అందనిది అదొక్కటే. నిండితే అది ఒక టన్ను బరువు, కాబట్టి దాన్ని బీము మీద కూర్చునేలా పెట్టించండి, స్లాబు మధ్యలో వద్దు. వానాకాలంలో వాతావరణ హెచ్చరిక రాగానే దాన్ని నింపి, సంపు మోటారు స్విచ్చి కట్టేయండి. వరద నీరు సంపులో కలిశాక పొరపాటున మోటారు వేస్తే పైనున్న మంచినీళ్లు కూడా పోతాయి. తాగడానికి, వంటకు 200 లీటర్ల మూత ఉన్న డ్రమ్ము ఒకటి మొదటి అంతస్తులో విడిగా ఉంచుకోండి. ఐదుగురికి సుమారు ఐదు రోజులు వస్తుంది.

బ్లీచింగ్ పౌడరు కొంచెం గాలి చొరని డబ్బాలో దాచుకోండి, మూత తెరిచి ఉంచితే దాని బలం పోతుంది. తేటగా ఉన్న నీళ్లకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. చిన్న బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే పోసి, గంటసేపు ఆగి వాడుకోవాలి. బురద కలిసిన నీళ్లకు ఈ లెక్క పనిచేయదు. వాటిని పూర్తిగా తోడేసి, సంపు కడిగి, మళ్లీ నింపాకే బ్లీచింగ్ వేయాలి. వరద తీశాక మొదటిసారి నల్లా వచ్చినప్పుడు కనీసం పావుగంట నీళ్లు బయటికి వదిలేయండి. రంగు, వాసన పోయినా కొన్ని రోజులు మరిగించే తాగండి, ముఖ్యంగా మీ ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే.